చచ్చినవాణ్ణి లేపే కథలు

ఈమధ్య ఒక కథను తిప్పి పంపాం. అందులో ‘బ్రెయిన్ డెడ్’ అయిన తండ్రి కూతురి పిలుపు విని కళ్లు తెరుస్తాడు. ‘కోమా’ అని మారిస్తే వేసుకుంటామన్నాం. రచయిత మార్చకపోగా, కథకు డాక్టరు సర్టిఫికెట్ అడిగే సంపాదకులని సభల్లో మమ్మల్ని ఎగతాళి చేస్తున్నారు. మాకు కోపమేమీ లేదు. ఆ మాట సంగతి మాత్రం తేల్చుకోవాలి.

కోమాలో ఉన్నది బతికున్న మనిషి, అందులోంచి లేచినవాళ్లున్నారు. 1973లో దాడికి గురై 2015 దాకా ముంబై కేఈఎం ఆసుపత్రి మంచం మీదే ఉండిపోయిన అరుణా శాన్‌బాగ్ సొంతంగా ఊపిరి తీసుకునేవారు. ఆమె బ్రెయిన్ డెడ్ కాదని సుప్రీంకోర్టు 2011 తీర్పులో చెప్పింది. 2004లో హైదరాబాద్ యువకుడు వెంకటేశ్ అవయవాలిచ్చి పోతానని వేడుకున్నా హైకోర్టు ఒప్పుకోలేదు. కండరాలు చచ్చుబడ్డా అతని మెదడు పనిచేస్తూనే ఉంది మరి.

బ్రెయిన్ డెత్ అలా కాదు, అది మరణమే. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దాన్ని మరణంగానే లెక్కగట్టింది. నలుగురు డాక్టర్లు కనీసం 6 గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షిస్తారు. కంట్లో లైటు వేస్తారు, వెంటిలేటర్ తప్పించి ఊపిరి వస్తుందేమో చూస్తారు. గుండె లయ గుండెలోనే పుడుతుంది కాబట్టి, ఆక్సిజన్ అందినంతసేపు అది కొట్టుకుంటుంది.

ఆ చప్పుడే మన రాతలను తప్పుదోవ పట్టిస్తోంది. ‘బ్రెయిన్ డెడ్ అయి చికిత్స పొందుతూ మృతి’ అని రాస్తే ఆ మనిషి ఎన్నిసార్లు చనిపోయినట్టు? ‘జీవన్మృతుడు’ అన్నది ఇంకా అన్యాయం, అందులో సగం ప్రాణం దాచిపెట్టారు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ తరఫున ఎవరో వచ్చి దానం మాటెత్తగానే ‘నా బిడ్డను చంపుతారా’ అని తల్లి అరిస్తే, ఆ ఆశ ఆమెకు పెట్టింది డాక్టరు కాదు. క్లైమాక్సులో వేలు కదిలించి చప్పట్లు కొట్టించుకున్నవాళ్లు. వెన్నుపాము వల్ల శవానికీ చెయ్యి కదలొచ్చని వాళ్లు ఎవరినీ అడిగి తెలుసుకోలేదు.

కల్పనకు స్వేచ్ఛ ఉండాలంటారు, ఉండాలి. కానీ కథలో వేరుశనగ కొమ్మకు కాసిందంటే నవ్విపోయే విమర్శకులు, ఐసీయూలో చచ్చినవాడు లేస్తే కళ్లొత్తుకుంటున్నారు. రైతు గురించి తెలియకపోతే అజ్ఞానమట, మరణం గురించి తెలియకపోతే సృజనట!

అద్భుతమే కావాలంటే దేవుణ్ణి దించండి, మంత్రగాణ్ణి తెచ్చుకోండి, సంతోషంగా వేసుకుంటాం. డాక్టరు నోట ‘బ్రెయిన్ డెడ్’ అనిపించి మనిషిని లేపితే మాత్రం కథ తిరిగొస్తుంది. ఎవరు రాసినా సరే.