శివారు పిల్లలకూ లెక్కలు రావాలి

కృష్ణా డెల్టాలో శివారు భూముల గోడు ఎంత పాతదో, హైస్కూళ్లలో వెనుక బెంచీ పిల్లల గోడూ అంత పాతదే. ఎగువన పుష్కలంగా పారే కాలువ నీరు నాగాయలంక, కోడూరు చేరేసరికి సన్నగిల్లినట్లే, లెక్కల చదువు కూడా చివరి వరుసకు అందకుండానే ఇంకిపోతున్నది. విజయవాడ చుట్టుపక్కల కార్పొరేట్ విద్యాసంస్థల్లో ఆరవ తరగతి నుంచే ఐఐటి ఫౌండేషన్ తరగతులు జరుగుతున్నవి. అవి ఫీజు కట్టగలవారికి. అదే నగరంలో కొండప్రాంతపు వాడల పిల్లలకూ, దివిసీమ కవులు రైతుల పిల్లలకూ పదవ తరగతిలో 35 మార్కులు వస్తే చాలుననిపించడం శోచనీయం.

లెక్కలు కొందరికే వస్తాయన్న అపోహ ఈ దుస్థితికి మూలం. ఒకప్పుడు మన రాష్ట్రపు హైస్కూళ్లలో జనరల్ మాథమెటిక్స్, కాంపోజిట్ మాథమెటిక్స్ అని రెండు దారులుండేవి. 'నీకెందుకమ్మా కష్టం' అంటూ ఆడపిల్లలను ఎందరినో జనరల్ వైపు పంపేవారు. ఆ నిర్ణయంతోనే వారికి ఇంటర్మీడియట్‌లో ఎంపిసి తలుపులు మూసుకుపోయేవి. పద్నాలుగేళ్ల వయసులో పెద్దలు వేసిన అంచనా జీవితాంతం వెంటాడేది.

ఇటువంటి విభజనే సిబిఎస్‌ఇ పదవ తరగతిలో 2020 పరీక్షల నుంచి 'బేసిక్', 'స్టాండర్డ్' పేర్లతో వచ్చింది. బేసిక్ రాసినవారు పదకొండులో గణితం తీసుకోరాదని మొదట నిబంధన పెట్టి, తరువాత సడలించవలసి వచ్చింది. భయం తగ్గించేందుకు ఇది మేలని వాదించేవారున్నారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని పరీక్షను తేలిక చేసినంత మాత్రాన బోధన మెరుగుపడదు. గణిత బోధనపై 2005 నాటి ఎన్‌సిఇఆర్‌టి నిపుణుల బృందం కూడా పిల్లల్లోని భయాన్నీ, ఓటమి భావాన్నీ ప్రధాన సమస్యలుగా గుర్తించి, ఉపాధ్యాయులకు తగిన తయారీ, తోడ్పాటు లేవని చెప్పింది.

నిజానికి మన పిల్లలకు లెక్క తెలియక కాదు. కిలోకు 50 రొయ్యలు తూగితే 50 కౌంటు, 100 తూగితే 100 కౌంటు. కౌంటు పెరిగే కొద్దీ రొయ్య చిన్నదవుతుందని చెరువు గట్టున పెరిగిన బిడ్డకు ఎవరూ చెప్పనక్కరలేదు. అది విలోమానుపాతమే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని అప్పు చేసిన ఇంటి పిల్లలకు తెలుసు. 75 కిలోల బస్తాలు 30 అయితే 22.5 క్వింటాళ్లని కళ్లంలో నోటితో చెప్పే కుర్రవాడే, బడిలో నల్లబల్ల ముందు బిక్కచచ్చి నిలబడుతున్నాడు. ఇంటి లెక్కకూ బడి లెక్కకూ వంతెన వేయడమే ఉపాధ్యాయుని అసలు పని.

దీనికి తోడు భాష చిక్కు. క.సా.గు., గ.సా.భా. అని నేర్చుకున్నవారికి ఒక్కసారిగా ఎల్.సి.ఎం., హెచ్.సి.ఎఫ్. అంటే తెలిసిన లెక్క కూడా తెలియనిదవుతుంది. రెండు భాషల పాఠ్యపుస్తకాలు అచ్చు వేసినందుకు ప్రభుత్వాన్ని అభినందించవలసిందే. తరగతిలో కూడా రెండు భాషలకూ చోటుండాలి. సందేహాన్ని తెలుగులో అడిగితే తప్పు కారాదు.

2025 మెగా డిఎస్‌సికి 16,347 పోస్టులు ప్రకటించారు. అయితే నియామకంతోనే బాధ్యత తీరదు. లెక్కల మాస్టారు లేని హైస్కూలు జిల్లాలో ఒక్కటి కూడా వుండరాదు. శివారు మండలాల ఖాళీలను ముందుగా భర్తీ చేయాలి. వెనుకబడినవారికి ప్రత్యేక తరగతులు బడివేళల్లోనే జరగాలి; సాయంత్రం పెడితే, తమ్ముళ్లను చూసుకునే ఆడపిల్లలూ, చివరి బస్సు పట్టుకోవలసిన పిల్లలూ రాలేరు. చూపు లేని పిల్లలకు తడిమి తెలుసుకునే రేఖాగణిత పటాలు సమకూర్చాలి. పదవ తరగతి వరకు ఆగక, ఆరవ తరగతిలోనే భాగహారం, భిన్నాలు రానివారిని గుర్తించి నేర్పాలి.

తల్లిదండ్రుల సంఘాలు కూడా ఊరుకోరాదు. ఫలితాల రోజున ర్యాంకులు ఎన్ని వచ్చాయని కాక, చివరి బెంచీలో ఎందరికి లెక్కలు వచ్చాయని ప్రధానోపాధ్యాయులను అడగాలి. విద్యాశాఖాధికారులు తమ తనిఖీల్లో ముందుగా చూడవలసిందీ ఆ బెంచీనే.