కిరాయి బండిలో పిల్లల పీట

పాలు తాగే వయసు దాటి ఎదిగినా, పెద్దల కోసం అమర్చిన సీటు బెల్టుకు సరిపోయేంత ఎత్తు ఇంకా రాని పిల్లలను కారు వెనుక సీటుపై కొంత ఎత్తున కూర్చోబెట్టి, బెల్టు వారి ఒంటిపై పడవలసిన చోటనే పడేటట్లు చేసే పీటను బూస్టర్ సీటు అంటారు. చంటిపిల్లల కారు సీటుకు ఉన్నట్లు దీనికి సొంత పట్టీలు ఉండవు. పిల్లను పట్టి ఉంచేది బండి బెల్టే గనుక, పీట చేసే పని ఎత్తు ఇవ్వడం, బెల్టుకు దారి చూపడం మాత్రమే. అందువల్లనే దీనిని చంకలో పెట్టుకొని ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కవచ్చు. స్వీడన్‌కు చెందిన వోల్వో సంస్థ 1970ల దశకంలో మొదటిసారి ఇటువంటి పీటను తెచ్చినప్పుడు దానిని సొంత కారు ఉన్న కుటుంబాల కోసమే ఉద్దేశించినా, సొంత కారు లేకుండా కిరాయి బండ్లపై తిరిగే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల కుటుంబాలకే అది ఎక్కువ అక్కరకు వస్తుంది.

జగిత్యాల జిల్లా సారంగాపూర్ మండలంలోని ఒక కుటుంబం ఏడాది పొడుగునా చేసే కారు ప్రయాణాలను లెక్కలోకి తీసుకుంటే ఈ మాట తేటపడుతుంది. ధర్మపురికో, కొండగట్టుకో, వేములవాడకో మొక్కులు తీర్చుకోవడానికి బండి మాట్లాడుకుంటారు, పెళ్ళిళ్ళకు మాట్లాడుకుంటారు, అన్నిటికంటే దూరమైనది, చాలాసార్లు రాత్రిపూట సాగేది శంషాబాద్ విమానాశ్రయ ప్రయాణం. దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్‌లకు బతుకుతెరువు కోసం పోయేవారిలో ఎక్కువమంది ఒంటరిగానే పోతారు. కుటుంబాన్ని వెంట ఉంచుకోవడానికి అక్కడి ప్రభుత్వాలు కోరే కనీస వేతనం కూలి పనివారికి అందదు గనుక భార్యాపిల్లలు ఊరిలోనే ఉంటారు. కాబట్టి సాగనంపడానికీ, ఎదుర్కొని తీసుకురావడానికీ ఇంటిల్లిపాదీ ఒకే బండిలో కరీంనగర్ మీదుగా రాజీవ్ రహదారి పట్టి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం పోయి రావడం ఈ ప్రాంతపు ఆనవాయితీ అయింది. ఆ బండిలో పెద్దలకు సీట్లు, పిల్లలకు ఒళ్ళు అన్నది ఎవరూ ప్రశ్నించని ఏర్పాటు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2017 జూలై 1 నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలను రక్షణ సీటు లేకుండా కారులో తీసుకుపోతే 400 దిర్హమ్‌ల జరిమానా ఉన్నది. అక్కడ డ్రైవరుగా పనిచేసి వచ్చిన మనిషి పరాయి పిల్లలకు ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించి, శంషాబాద్‌లో దిగగానే సొంత బిడ్డను ఒడిలో పెట్టుకొని ముందు సీటులో కూర్చోవడంలో వింత ఏమీ లేదు. ఏర్పాటు ఉన్నచోట పాటిస్తారు, లేనిచోట మరచిపోతారు.

ఒడి ఎందుకు చాలదో తెలియడానికి చిన్న లెక్క సరిపోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనినైనా ఢీకొని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయిందనుకుంటే, 18 కిలోల పిల్ల ఆ క్షణంలో దాదాపు 250 కిలోల బరువు చూపే బలంతో ముందుకు దూసుకుపోతుంది. అంత బలాన్ని రెండు చేతులతో ఆపగల తల్లి గానీ తండ్రి గానీ లేరు. పైగా ఒడిలో పట్టుకున్నవారు బెల్టు పెట్టుకోకపోతే వారి బరువు కూడా పిల్లపైనే పడుతుంది.

మరి పెద్దల బెల్టునే పిల్లకు పెడితే సరిపోదా అన్నది సహజంగా వచ్చే సందేహం. మూడు చోట్ల బిగిసే బెల్టులో, అంటే 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించగా నేడు అన్ని కార్లలో కనిపించే బెల్టులో, నడుము పట్టీ, భుజం పట్టీ అని రెండు భాగాలుంటాయి. నడుము పట్టీ కటి ఎముకల మీద ఆనాలి, ఎందుకంటే ఒంటిలో అంత దెబ్బను ఓర్చుకోగల గట్టి భాగాలలో అదొకటి. పెద్దలలో కటి ఎముక పై అంచు కొక్కెంలా నిలబడి పట్టీని పైకి జారనీయదు. పిల్లలలో ఆ అంచు ఇంకా సరిగా ఎదగదు. దీనికి తోడు కారు సీటు లోతు పెద్దల తొడల కొలతకు కుట్టినది కావడం వల్ల, వీపు ఆనించి కూర్చుంటే చిన్నపిల్లల మోకాళ్ళు సీటు అంచు దాకా రావు, కాళ్ళు ముందుకు చాపుకొని ఉండవలసి వస్తుంది. అది ఇబ్బందిగా ఉండి పిల్ల కాసేపటికే ముందుకు జరిగి కుంగి కూర్చుంటుంది, అప్పుడు నడుము పట్టీ మెల్లగా పొట్ట మీదికి ఎక్కుతుంది. ప్రమాదం జరిగితే ఆ పట్టీయే పేగులను, వెన్నెముక నడుము భాగాన్ని గాయపరుస్తుంది. వైద్యులు దీనికి సీటు బెల్టు సిండ్రోమ్ అని పేరే పెట్టారు. భుజం పట్టీ సంగతీ అంతే: అది మెడకు ఒరుసుకొని మండుతుంటే పిల్ల దానిని చంక కిందికో, వీపు వెనకకో తోసేస్తుంది, దాంతో పై ఒంటికి ఆధారమే లేకుండా పోతుంది. బూస్టర్ పీట పిల్లను నాలుగైదు అంగుళాలు పైకి లేపి మోకాళ్ళు వంగేటట్లు చేస్తుంది, రెండు పక్కలా ఉన్న కొమ్ముల కింది నుంచి నడుము పట్టీని తొడల మీదికి దించుతుంది, భుజం పట్టీని మెడకూ భుజం చివరకూ నడుమకు తెస్తుంది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలలో బెల్టు ఒక్కటే పెట్టుకున్నవారి కంటే బూస్టర్‌పై కూర్చున్నవారికి గాయాల ముప్పు 45 శాతం తక్కువగా ఉన్నదని అమెరికాలోని ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి పరిశోధకులు 2009లో వెల్లడించారు.

ఇంట్లో ఉన్న మెత్తనో, మడతపెట్టిన బొంతనో వేసి కూర్చోబెడితే ఎత్తు వస్తుంది కదా అనే వాదం ఇక్కడ నిలవదు. మెత్త దెబ్బకు అణగిపోతుంది, లేదా పిల్ల కింది నుంచి జారిపోతుంది. బెల్టును కిందికి పట్టి ఉంచే కొమ్ములు దానికి లేవు గనుక అది బెల్టును మరింత వదులు చేసి, లేని ప్రమాదాన్ని కూడా తెచ్చిపెడుతుంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194-బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్ళు నిండని పిల్లలకు సీటు బెల్టు గానీ, పిల్లల రక్షణ సాధనం గానీ లేకుండా బండి నడిపినవారికీ, నడపనిచ్చినవారికీ వెయ్యి రూపాయల జరిమానా ఉన్నది. ‘నడపనిచ్చినవారు’ అన్న మాట బండి యజమానికీ తగులుతుంది. కిరాయికి ఇచ్చి చేతులు దులుపుకోవడానికి వీలు లేదు. పిల్లల రక్షణ సాధనాలు ఎలా ఉండాలో చెప్పే ఏఐఎస్ 072 అనే భారతీయ ప్రమాణం కూడా ఉన్నది. అది ఐక్యరాజ్యసమితి ఆర్ 44 నిబంధనల బాటలో నడుస్తుంది.

ఇక ఎంపిక. పెట్టె మీద రాసిన వయసును చూసి కొనడం ఇక్కడి తల్లిదండ్రులు చేయకూడని మొదటి పని. పశ్చిమ దేశాల సంస్థలు నాలుగేళ్ళు అని రాసినా, దానితో పాటే కనీసం 15 లేదా 18 కిలోల బరువు ఉండాలని చిన్న అక్షరాలలో రాస్తాయి. అసలు కొలత అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారమే అయిదేళ్ళ పిల్లల సగటు బరువు 18 కిలోలకు కాస్త పైన ఉంటుంది, అంటే బక్కపలుచని పిల్లలు ఆ బరువుకు రావడానికి ఆరేళ్ళు కూడా పట్టవచ్చు. బరువు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అంగన్‌వాడీ టీచరు ప్రతి నెలా తూచి రాసే రిజిస్టరులో అది ఉంటుంది. ఆ బరువు రాని పిల్లలకు సొంత పట్టీలున్న సీటే కావాలి, బూస్టర్ పనికిరాదు. పై హద్దును వయసుతో కాక ఎత్తుతో చూడాలి: అమెరికా శిశువైద్యుల సంఘం 4 అడుగుల 9 అంగుళాలు, అంటే సుమారు 145 సెంటీమీటర్ల దాకా పీట ఉండాలంటుంది. పదేళ్ళ పిల్లల సగటు ఎత్తు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలలో 138 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది గనుక, అయిదో తరగతి చదివే పిల్లకు కూడా పీట అవసరమేనన్నమాట. ‘పెద్దపిల్ల అయింది’ అనే తీర్పు మన ఇళ్ళలో చాలా తొందరగా వస్తుంది.

ప్రయాణాలకు అనువుగా ఉండే బూస్టర్‌లలో కొన్ని రకాలున్నాయి. గట్టి ప్లాస్టిక్‌తో చేసి పైన పలుచటి దిండు వేసిన, వీపు ఆధారం లేని పీట అన్నిటికంటే సాదా, చవక. పెద్ద బరువు ఉండదు, పాడయ్యే భాగాలేమీ లేవు. గాలి ఊది వాడి, మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకొనే రకం ఉన్నది. ఉత్తర ఐర్లండ్‌లో పుట్టిన బబుల్‌బమ్ దీనికి పేరుపడ్డది. పిల్లను పైకి లేపడానికి బదులు బెల్టునే కిందికి లాగి పట్టే, అరచేతి వెడల్పుకు మడత పడే ఇజ్రాయెల్ వారి మైఫోల్డ్ మరొకటి. ఇవి కాక వీపు, తల పక్కల ఆధారం ఉండి మడతపడే పెద్ద రకాలున్నాయి. విమానంలో అమెరికా నుంచి వచ్చి నెల రోజులుండి పోయే కుటుంబానికి మొదటి మూడింటిలో ఏదైనా నప్పవచ్చు. ఊరిలోనే ఉండి ఏడాది పొడుగునా వాడేవారికి మాత్రం గాలి ఊదేది మంచి ఎంపిక కాదు: ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఈ జిల్లాలలో నిలిపి ఉంచిన కారు లోపలి వేడికి రబ్బరు, మూత బిరడా ఎక్కువ కాలం తట్టుకుంటాయని ఆశించలేము, గాలి కొద్దిగా తగ్గినా ఎత్తు తగ్గుతుంది, అది ఎవరికీ కనబడదు. బెల్టును కిందికి లాగే రకంలో పిల్ల మోకాళ్ళు వంగే సమస్య తీరదు. రాత్రి ప్రయాణాలు తప్పని కుటుంబానికి వీపు ఆధారం ఉన్నదే మేలు. ఎందుకంటే నిద్రలో పక్కకు ఒరిగిన పిల్ల భుజం పట్టీ లోంచి బయటికి వచ్చేస్తుంది, శంషాబాద్ దారిలో సిద్దిపేట దాటేసరికి నిద్రపోని పిల్లలు అరుదు. ఐరోపాలో 2017 నుంచి కొత్తగా అనుమతి పొందే వీపులేని పీటలను 125 సెంటీమీటర్ల ఎత్తు, 22 కిలోల బరువు దాటిన పిల్లలకే పరిమితం చేయడం వెనుక ఉన్న కారణాలలో పక్క నుంచి తగిలే దెబ్బ కూడా ఒకటి. పగటిపూట దగ్గరి ప్రయాణాలకు, కాస్త పెద్దపిల్లలకు గట్టి ప్లాస్టిక్ పీట చాలు.

అయితే పీటను ఎంచుకోవడం కంటే ముందు బండిని ఎంచుకోవాలి. ఈ మాట అమ్మేవారెవరూ చెప్పరు. బూస్టర్‌కు భుజం పట్టీ ఉన్న బెల్టు తప్పనిసరి. నడుము పట్టీ ఒక్కటే ఉన్నచోట దానిని వాడకూడదు, పిల్ల ఎత్తున కూర్చొని నడుము దగ్గర ముందుకు మడతపడి ముందు సీటుకు తల కొట్టుకుంటుంది. విమానంలో సీటుకు నడుము పట్టీ మాత్రమే ఉండటం వల్లనే అక్కడ పీటను సామానులో పెట్టవలసిందే. పాత తవేరా వంటి బండ్లలో ఎదురెదురుగా అమర్చిన వెనుక బల్లలకు అసలు బెల్టే ఉండదు. కొత్త ఎర్టిగాలో బెల్టు ఉన్నా, కిరాయి బండి అయినందున మాసిపోకుండా వేసిన రెగ్జిన్ కవరు కింద బకిల్ కూరుకుపోయి ఉంటుంది. దానిని పైకి తీయడానికి సీటును ఎత్తి, వేళ్ళు దూర్చి, చిల్లర పైసలతో, పల్లీల పొట్టుతో కలిపి లాగవలసి వస్తుంది. ముందు సీట్లలో బెల్టు హెచ్చరిక మోగకుండా ఉత్త క్లిప్పును గుచ్చి ఉంచే అలవాటు ఎంత పాకిపోయిందంటే, 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ అంగళ్ళకు ఆ క్లిప్పుల అమ్మకం ఆపమని ఆదేశించగా, 13,118 ప్రకటనలు తొలగించవలసి వచ్చింది. ప్రాణం కాపాడే బెల్టును పెట్టుకోకుండా ఉండటానికి డబ్బు పెట్టి వస్తువు కొనే దేశంలో, పిల్లల పీటకు డబ్బు పెట్టమని చెప్పడం కొంత ఎదురీతే.

ఈ పీట తీర్చలేని లోటు ఒకటి ఉన్నది, దానిని దాచడం నిజాయితీ కాదు. ఈ ప్రాంతపు పిల్లలు ఎక్కువగా తిరిగేది కారులో కాదు. మోటారు సైకిళ్ళపై, ఆటోలలో, బస్సులలో. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా మరణించినప్పుడు ఆ బస్సు పట్టగలిగినవారి కంటే ఎంతో ఎక్కువ మందితో కిక్కిరిసి ఉన్నది; అటువంటి చోట ఏ పీటా ఏమీ చేయలేదు. మోటారు సైకిల్ విషయంలో 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర నియమాలు నాలుగేళ్ళ లోపు పిల్లను నడిపేవారికి కట్టి ఉంచే పట్టీని, తొమ్మిది నెలలు దాటిన పిల్లకు హెల్మెట్‌ను, గంటకు 40 కిలోమీటర్లకు మించని వేగాన్ని తప్పనిసరి చేశాయి.

కొనేటప్పుడు మరికొన్ని జాగ్రత్తలు కావాలి. కుర్చీకి కట్టి అన్నం తినిపించడానికి వాడే పీటను కూడా అంగళ్ళలో బూస్టర్ అనే పేరుతోనే అమ్ముతారు. అది కారుకు పనికిరాదు. కారు పీట అడుగున గానీ, పక్కన గానీ ప్రమాణం సంఖ్య, వలయంలో ఇంగ్లీషు ‘E’ అక్షరం, బరువు లేదా ఎత్తు హద్దులు ముద్రించిన చీటీ అతికి ఉండాలి. చీటీ లేనిది ఎంత మెత్తగా ఉన్నా వద్దు. బంధువుల ఇంటి నుంచి వచ్చిన పాత పీటను తీసుకోవచ్చు గానీ, అది ఏదైనా ప్రమాదంలో ఉండినదా అని మొహమాటపడకుండా అడగాలి. ఒకసారి దెబ్బ తిన్న ప్లాస్టిక్‌లో కంటికి కనబడని చీలిక ఉండవచ్చు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అడ్డాలలోని కిరాయి కార్ల యజమానులు డిక్కీలో స్టెప్నీ పక్కన రెండు గట్టి ప్లాస్టిక్ పీటలు ఉంచితే, ఒక్కో ఇల్లు విడిగా కొనవలసిన అవసరమే చాలావరకు తగ్గిపోతుంది. బండికి ఏటా మార్చే సీటు కవర్ల ముందు ఆ ఖర్చు లెక్కలోనిది కాదు. ఆ రోజు వచ్చేదాకా, బండి మాట్లాడుకునేవారు ఏసీ పనిచేస్తుందా అని అడిగేటప్పుడే వెనుక సీటు బెల్టులు మూడూ పైకి తీసి ఉంచమని కూడా ముందే చెప్పి పెట్టాలి.