మందు ఎక్కడుందో చెప్పడం ఎవరి పని?

అమెరికాలో 2022 నుంచి 2025 మొదటి నెలల దాకా బరువు తగ్గించే ఇంజెక్షన్ రాయించుకున్నవాళ్లకు అసలు కష్టం డాక్టరు గది దాటి బయటికొచ్చాకే మొదలయ్యేది. అక్కడ మందుల చీటీ చాలామటుకు చేతికి రాదు. డాక్టరు కంప్యూటర్ నుంచి, రోగి ఏ ఫార్మసీ పేరు చెబితే ఆ ఫార్మసీకి నేరుగా వెళ్తుంది. అక్కడ మందు లేదంటే ఇంకో ఫార్మసీకి ఫోన్ చేయాలి. ఉందంటే మళ్లీ డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేసి చీటీని అటు పంపమని అడగాలి. ఆ చీటీ చేరేలోగా ఉన్న ఒక్క ఇంజెక్షన్ పెన్నునూ మరొకరు తీసుకుపోయి ఉండొచ్చు. ఇలా ఊళ్లోని ఫార్మసీలన్నిటికీ వరసగా ఫోన్లు చేయడం లక్షల మందికి నెలనెలా తప్పని పనైంది. మందు తక్కువ తయారైనప్పుడు కొందరికి అందకపోవడాన్ని అర్థం చేసుకోవచ్చు. కానీ ఉన్న మందు ఎక్కడుందో తెలుసుకునే భారాన్ని కూడా జబ్బు మనిషి మీదే వేయడం అన్యాయం. కొరత ప్రకటించిన మందు ఏ ఫార్మసీలో ఏ మోతాదులో ఉందో బయటపెట్టే బాధ్యతను హోల్‌సేలర్ల మీద, ఫార్మసీల మీద చట్టమే పెట్టాలి.

కొరత ఎలా వచ్చిందో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే వాదనకు మూలం అక్కడే ఉంది. సెమాగ్లూటైడ్ అనే మందు మధుమేహానికి ఒజెంపిక్ పేరుతో 2017 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందింది. అదే మందు ఎక్కువ మోతాదులో, వెగోవీ పేరుతో, బరువు తగ్గించడానికి 2021 జూన్‌లో వచ్చింది. 68 వారాల పరీక్షలో దాన్ని వాడినవాళ్లు సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గారు. అంతకుముందున్న మాత్రలేవీ ఆ దరిదాపులకు రాలేదు. జనం ఎగబడ్డారు. అదే ఏడాది చివర్లో, ఈ మందు తయారు చేసే కంపెనీ నోవో నార్డిస్క్ తరఫున పెన్నుల్లో మందు నింపే కాంట్రాక్టు ఫ్యాక్టరీలో నాణ్యతా లోపాలు బయటపడి పని ఆగింది. మందు పదార్థం తయారు చేయడం ఒక ఎత్తు, దాన్ని సూక్ష్మజీవులు సోకకుండా పెన్నుల్లో నింపడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని చేయగల ఫ్యాక్టరీలు ప్రపంచంలో కొద్దిగానే ఉన్నాయి, కొత్తది కట్టడానికి ఏళ్లు పడుతుంది. 2023 మేలో కంపెనీ తొలి మూడు మోతాదుల సరఫరాను కావాలనే తగ్గించింది. ఇప్పటికే వాడుతున్నవాళ్లకు మందు ఆగకూడదన్నది ఉద్దేశం. ఆ నిర్ణయం తప్పని నేను అనను. కానీ కొత్తగా చీటీ రాయించుకున్న మనిషికి ఆ సంగతి ఫార్మసీ కౌంటర్ దగ్గరే తెలిసింది. ఇదే కోవకు చెందిన ఎలీ లిల్లీ కంపెనీ మందు టిర్జెపటైడ్‌దీ ఇదే కథ: 2022 చివర్లో ఎఫ్‌డీఏ కొరత జాబితాకెక్కి 2024లో బయటికి వచ్చింది. సెమాగ్లూటైడ్ కొరత తీరిందని ఎఫ్‌డీఏ 2025 ఫిబ్రవరి 21న ప్రకటించింది.

ఆ జాబితా ఏం కొలుస్తుందో గమనించాలి. కంపెనీ చేసే మొత్తం సరఫరా దేశం మొత్తం గిరాకీకి సరిపోతుందా అన్నదే అందులో లెక్క. మీ వీధి చివరి ఫార్మసీ ఫ్రిజ్‌లో మందు ఉందా అన్న ప్రశ్నకు ఆ జాబితాలో జవాబు లేదు. కొరత తీరిందని ప్రకటిస్తూనే, సరఫరా గొలుసులో మందు కదులుతున్నప్పుడు అక్కడక్కడ దొరక్కపోవచ్చని ఎఫ్‌డీఏ కూడా చెప్పింది. అప్పట్లో వెగోవీ ఇంజెక్షన్ ఐదు మోతాదుల్లో వచ్చేది: 0.25, 0.5, 1, 1.7, 2.4 మిల్లీగ్రాములు. ఒక ఫార్మసీలో చివరి మోతాదు నిండుగా ఉండి మొదటిది అసలు లేకపోవచ్చు. పక్క వీధిలో దానికి తలకిందులుగా ఉండొచ్చు. పైగా ఈ మందు అమ్మడం చిన్న ఫార్మసీలకు గిట్టుబాటు కాదు. బీమా మధ్యవర్తి సంస్థలు చెల్లించే మొత్తం చాలాసార్లు హోల్‌సేల్ ధర కంటే తక్కువ ఉంటోందని సొంత ఫార్మసీల యజమానులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ప్రతి పెట్టె మీదా చేతి డబ్బు పోయేటప్పుడు తెచ్చిపెట్టుకోవడం ఎవరు మాత్రం కోరుకుంటారు? దాంతో దేశంలో మందు ఉన్నా ఊళ్లో ఉండదు. పట్టణం పెద్దదైతే ఫోన్లు చేయడానికి ముప్పై ఫార్మసీలుంటాయి. పల్లెటూరైతే ఒకటో రెండో, తర్వాత నలభై మైళ్ల ప్రయాణం.

ఒక నెల ఆలస్యమైతే ఏమవుతుందని అడిగేవాళ్లకు జవాబు ఆ మందు పనిచేసే తీరులోనే ఉంది. దీన్ని వారానికి ఒకసారి వేసుకోవాలి. అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున పదహారు వారాల్లో పూర్తి మోతాదుకు చేరాలి. కడుపు అలవాటు పడటానికే ఈ మెట్లు. లేకపోతే వికారం, వాంతులు తట్టుకోలేరు. వరసగా రెండు మూడు వారాలు తప్పితే మళ్లీ మొదటి మెట్టు నుంచి రావాలా అని డాక్టరు ఆలోచించాల్సి వస్తుంది. ఆ మొదటి మెట్టు పెన్నులకే అన్నిటికంటే కటకట అయిన సంవత్సరం 2023. మధ్యలో ఆపితే ఏమవుతుందో చూడటానికే ఒక పరీక్ష చేశారు. ఇరవై వారాలు మందు వాడినవాళ్లలో కొందరికి కొనసాగించి, మిగతావాళ్లను వాళ్లకు తెలియకుండా మందు లేని ఉత్త ఇంజెక్షన్‌కు మార్చారు. తర్వాతి 48 వారాల్లో మొదటివాళ్లు ఇంకో 7.9 శాతం తగ్గితే, రెండోవాళ్లు 6.9 శాతం పెరిగారు. కనుక ఈ మందు విషయంలో సరఫరా తెగడమంటే వైద్యం తెగడమే.

వెతికి వెతికి విసిగినవాళ్లు ఎటు వెళ్లారో చూస్తే నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలుగుతుంది. కొరత ఉన్నప్పుడు సొంతంగా మందు కలిపి ఇచ్చే ఫార్మసీలకు అమెరికా చట్టం వెసులుబాటు ఇస్తుంది. అవి సెమాగ్లూటైడ్‌ను సీసాల్లో ఇచ్చాయి, రోగులు సిరంజిలోకి స్వయంగా తీసుకోవాల్సి వచ్చింది. కొందరు లెక్క తప్పి, వేసుకోవాల్సినదానికి ఐదు నుంచి ఇరవై రెట్లు వేసుకున్నారని ఎఫ్‌డీఏ 2024 జూలైలో హెచ్చరించింది. ఇక నకిలీలు. ఆస్ట్రియాలో 2023 అక్టోబరులో ఒజెంపిక్ అనుకుని వాడిన కొందరు రక్తంలో చక్కెర పడిపోయి ఆస్పత్రి పాలయ్యారు. ఆ పెన్నుల్లో ఇన్సులిన్ ఉండొచ్చని అక్కడి అధికారులు అనుమానించారు. బ్రెజిల్, బ్రిటన్, అమెరికాల్లో పట్టుబడిన మూడు నకిలీ బ్యాచుల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో దేశాలన్నిటికీ హెచ్చరిక పంపింది. నకిలీ అమ్మేవాడు ఇచ్చే భరోసా ఒక్కటే: నా దగ్గర ఉంది అని. అసలు మందు అమ్మేవాళ్ల దగ్గర నుంచి ఆ ఒక్క మాటా రాకపోవడం వల్లే వాడి వ్యాపారం సాగింది.

ఫార్మసీల వారీగా స్టాకు చూపించడం సాధ్యం కాదనేవాళ్లు 2021ని గుర్తు తెచ్చుకోవాలి. ఆ ఏడాది కోవిడ్ టీకా ఏ ఫార్మసీలో ఉందో అమెరికా ప్రభుత్వం వెబ్‌సైటులో చూపించింది. 2022లో కోవిడ్ చికిత్సకు వాడే పాక్స్‌లోవిడ్ మాత్రలు కొద్దిగానే ఉన్నప్పుడు అవి ఏయే చోట్ల ఉన్నాయో కూడా అలాగే చూపించింది. మన దగ్గర కోవిడ్ టీకాల పోర్టల్ కోవిన్‌లో ఏ కేంద్రంలో ఎన్ని డోసులున్నాయో శ్రీకాకుళంలో కూర్చున్నవాళ్లకూ ఆదిలాబాద్‌లో కూర్చున్నవాళ్లకూ కనిపించింది. మహమ్మారి అప్పుడు ప్రభుత్వమే టీకాలు కొని పంచింది, కాబట్టి లెక్క దాని చేతిలో ఉంది, ఇది ప్రైవేటు సరుకు అనవచ్చు. దానికి స్వీడన్ సమాధానం. అక్కడ మందు పేరు కొడితే ఏ ఫార్మసీలో స్టాకు ఉందో ఫాస్ అనే వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. చీటీ కూడా ఒక ఫార్మసీకి కట్టుబడి ఉండదు, జాతీయ ఖాతాలో ఉంటుంది, దేశంలో ఏ ఫార్మసీ అయినా దాన్ని తెరిచి మందు ఇవ్వగలదు. స్వీడన్‌కూ ఒజెంపిక్ కొరత తప్పలేదు. కానీ అక్కడి రోగి చీటీని వెంటబెట్టుకుని డాక్టరు ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. ఈ రెండూ, అంటే కనిపించే స్టాకూ కదలగల చీటీ, జంటగా ఉండాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే సగం కష్టం అలాగే మిగులుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఇది: స్టాకు బయటపెడితే తెలివీ తీరికా ఉన్నవాళ్లు ముందుగా వచ్చి ఊడ్చుకుపోతారు. కోవిన్‌లో జరిగింది అదే, పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు తెరిచిన తొలి వారాల్లో స్లాట్లు క్షణాల్లో మాయమయ్యాయి, ప్రోగ్రాములు రాసుకున్నవాళ్లకు దొరికాయి, ఫోను లేని కూలీకి దొరకలేదు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఇప్పుడున్న పద్ధతిలోనూ గెలిచేది అలాంటివాళ్లే. పని మానుకుని ముప్పై ఫోన్లు చేయగలిగినవాళ్లకు, ఫార్మసిస్టుతో పరిచయం ఉన్నవాళ్లకు, కారేసుకుని పక్క జిల్లాకు వెళ్లగలిగినవాళ్లకు మందు దొరికింది. రోజుకూలీ మీద బతికేవాళ్లకు దొరకలేదు. తేడా ఏమిటంటే, బయటికి కనిపించే వ్యవస్థకు నియమాలు పెట్టవచ్చు. చెల్లుబాటయ్యే చీటీ ఉన్నవాళ్లకే స్టాకు కనిపించాలి, ఒక్క నెలకు సరిపడా మాత్రమే రిజర్వు చేసుకోనివ్వాలి, మధ్యలో ఉన్నవాళ్లకు తర్వాతి మోతాదు ముందు కేటాయించాలి. స్టాకు ఎక్కడుందో తెలిస్తే దొంగతనాలు జరుగుతాయన్న భయానికీ చీటీతో ముడిపెట్టడమే విరుగుడు. ఎవరు ముందు ఫోన్ చేశారన్నదే నియమమైన చోట వీటిలో ఏదీ పెట్టలేం.

రెండో అభ్యంతరం నైతికమైనది. బరువు తగ్గడానికి వాడేవాళ్లు మధుమేహ రోగుల మందు లాక్కుంటున్నారు, వాళ్లకు దారి చూపించడమెందుకు అని. ఈ కోపంలో న్యాయం ఉంది. ఒజెంపిక్ మీద ఆధారపడిన మధుమేహ రోగులు ఎన్నో దేశాల్లో ఖాళీ చేతులతో తిరిగి వెళ్లారు. బెల్జియం ప్రభుత్వం 2023లో ఆ మందు ఎవరికివ్వాలో కొంతకాలం పరిమితులు పెట్టాల్సి వచ్చింది. కానీ స్థూలకాయానికి మందు వాడటాన్ని షోకుగా చూడటానికి శాస్త్రం ఒప్పుకోదు. గుండె జబ్బుతో పాటు అధిక బరువు ఉండి మధుమేహం లేని 17,604 మంది మీద జరిగిన పరీక్షలో వెగోవీ వల్ల గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయని 2023 నవంబరులో తేలింది. ఆ ఆధారం మీదే మరుసటి మార్చిలో ఎఫ్‌డీఏ గుండె రక్షణకు కూడా అనుమతి ఇచ్చింది. ఎవరికి ముందు ఇవ్వాలన్నది డాక్టర్లూ ప్రభుత్వమూ బాహాటంగా తేల్చాల్సిన ప్రశ్న. మందు ఎక్కడుందో దాచిపెట్టడం వల్ల మధుమేహ రోగికి ఒరిగేదేమీ లేదు, కొరత రోజుల్లో అతనూ ఆ ముప్పై ఫోన్లూ చేశాడు.

కొరత తీరిపోయింది, ఇప్పుడు అడ్డం ధరే కదా అంటారు. ధర పెద్ద అడ్డమన్నది నిజం. 2025లో వెగోవీ జాబితా ధర నెలకు దాదాపు 1,350 డాలర్లు. 2025 మార్చిలో కంపెనీ బీమా లేనివాళ్లకు 499 డాలర్లకు నేరుగా ఇంటికే పంపడం మొదలుపెట్టింది. లిల్లీ అంతకుముందే సీసాల్లో చౌకగా అమ్మింది. ఫార్మసీల చుట్టూ తిరగడం కొందరికి అలా తప్పింది. జేబులోంచి 499 డాలర్లు తీయగలవాళ్లకు అది తప్పింది, బీమా మీదే ఆధారపడినవాళ్లు ఇంకా ఫార్మసీ కౌంటర్ దగ్గరే నిలబడుతున్నారు. పైగా ఈ మందు కొరత తీరితే ఇంకో మందు కొరత వస్తుంది. ఉత్పత్తికి అంతరాయం కలిగితే ఎఫ్‌డీఏకు ముందుగా చెప్పాలని 2012 చట్టం తయారీ కంపెనీల బాధ్యతను విస్తరించింది. అదే పద్ధతిని హోల్‌సేలర్ దగ్గరికీ ఫార్మసీ దగ్గరికీ కిందికి దించితే చాలు, కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు.

మన రాష్ట్రాలకు ఈ విషయం దూరం కాదు. టిర్జెపటైడ్ బ్రాండు మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో భారత మార్కెట్‌లోకి వచ్చాయి. సెమాగ్లూటైడ్ మీద మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. ఎగుమతి కోసం ఆ మందు తయారు చేసే హక్కు గురించి హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ఢిల్లీ హైకోర్టులో పోరాడి 2025 డిసెంబరులో అనుకూల తీర్పు తెచ్చుకుంది. పేటెంట్ పోతే ధర తగ్గుతుంది, బ్రాండ్లు పెరుగుతాయి. ఒక్కో బ్రాండుకు ఒక్కో రకం పెన్ను, ఒక్కోదానికి నాలుగైదు మోతాదులు, అన్నిటినీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గుంటూరులో మొదలుపెట్టిన మనిషికి రెండో నెల మోతాదు మాచర్లలో దొరుకుతుందో లేదో ఎవరు చెబుతారు? మెడికల్ షాపులకు లైసెన్సు ఇచ్చేది రెండు రాష్ట్రాల్లోనూ ఔషధ నియంత్రణ విభాగాలే. స్టాకిస్టు షాపుకు రాసే ప్రతి జీఎస్టీ బిల్లులో మందు పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఇప్పటికే ఉంటున్నాయి. ఆ బిల్లుల్లో ఉన్న సమాచారాన్ని, కొరత వచ్చిన మందుల వరకైనా, చీటీ ఉన్న రోగికి చూపించమని ఆ విభాగాలు అడగాలి. అడగాల్సింది బ్రాండ్లు అల్మారాలు నింపే ఈ కాలంలోనే, మొదటి కొరత వచ్చి జనం ఫోన్లు పట్టుకున్నాక కాదు.