పెట్టె తీసేసి పెట్టండి

బందరు లడ్డు కొనేవాళ్లను గమనించండి: ముందు పెట్టె మీద పేరు చదువుతారు, తర్వాత ధర అడుగుతారు, రుచి మాట ఇంటికెళ్లాకే. 1976లో పారిస్‌లో సీసాల పేర్లు దాచి వైన్ పోటీ పెడితే, ఫ్రెంచి రుచిగాళ్లే కాలిఫోర్నియా రెడ్ వైన్‌ను మొదటి స్థానంలో కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ నాలుకను నమ్మొద్దనేవాళ్లు ఎక్కువయ్యారు. నేనొప్పుకోను. నాలుకకు ధర తెలియదు గానీ పనితనం తెలుసు. శనగపిండిని పూసగా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ దంచితేనే అది బందరు తొక్కుడు లడ్డు. దంపుడు తగ్గిందా, పంటికింద పలుకు తగులుతుంది. నెయ్యి నోటి వేడికే కరిగిపోతుంది. డాల్డా పడితే అంగిట్లో పూతలా అంటుకుని ఓ పట్టాన వదలదు. కళ్లకు గంతలు కట్టినా ఈ రెండూ దొరికిపోతాయి. కాబట్టి నాసిరకాన్ని పట్టేయడం తేలికే, ఖరీదైనదాన్ని పట్టడమే కష్టం: ఒక హద్దు దాటాక మనమిచ్చే అదనపు డబ్బు పెట్టెకీ పైన గుచ్చిన జీడిపప్పుకీ పోతుంది (జీడిపప్పు మీద నాకేం కోపం లేదు). గుడివాడలో కాగితం పొట్లంలో కట్టిచ్చిన చవక లడ్డు ఈ రెండు పరీక్షలూ నెగ్గితే, దాని ఊరూ పేరూ అడగను. ఇంకో పావుకిలో తూచమంటాను.