సర్వే జవాబులు బడికి తిరిగి చేరితేనే ఫలితం

పాఠశాల జీవితం తృప్తిగానే ఉందని 73 శాతం మంది విద్యార్థులు చెప్పారు. అదే సర్వేలో 81 శాతం మంది చదువు, పరీక్షలు, ఫలితాలు తమ ఆందోళనకు ప్రధాన కారణమని తెలిపారు. 2022 జనవరి-మార్చి మధ్య 6 నుంచి 12వ తరగతి వరకు చదువుతున్న 3.79 లక్షల మంది నుంచి ఎన్‌సీఈఆర్‌టీ సేకరించిన అభిప్రాయాలివి. పేరు రాయాలా, వద్దా అన్నది విద్యార్థుల ఇష్టానికే వదిలేశారు.

'బడి బాగుందా?' అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టి ఉంటే రెండో నిజం బయటపడేది కాదు. ఏమి అడుగుతున్నారు, ఎలా అడుగుతున్నారు అన్నదానిపైనే సర్వే విలువ ఆధారపడి ఉంటుంది. అయితే అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. జవాబులు చివరికి ఎవరి చేతికి చేరుతున్నాయి?

పైకి వెళ్లే సమాచారం

2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వేలో సుమారు 34 లక్షల మంది పాల్గొన్నారు. పరీక్షతో పాటు వారి పరిస్థితులనూ అడిగి తెలుసుకున్నారు. 48 శాతం మంది బడికి నడిచే వెళుతున్నారని, 24 శాతం మంది ఇళ్లలో డిజిటల్ పరికరాలే లేవని తేలింది. విధాన రూపకర్తలకు ఈ అంకెలు విలువైనవే. కానీ నివేదికలు దేశ, రాష్ట్ర, జిల్లా స్థాయి చిత్రాన్నే చూపుతాయి. తన బడిలో బాలికలు మరుగుదొడ్డికి వెళ్లేందుకు ఎందుకు జంకుతున్నారో, గణితం తరగతిలో సందేహం అడగడానికి ఎందుకు భయపడుతున్నారో ప్రధానోపాధ్యాయుడికి అవి చెప్పలేవు.

అమెరికాలోని షికాగో అనుభవం ఇందుకు భిన్నం. అక్కడ విద్యార్థుల, ఉపాధ్యాయుల జవాబుల ఆధారంగా ప్రతి పాఠశాలకూ విడిగా నివేదిక అందుతుంది. నాయకత్వం, ఉపాధ్యాయుల సహకారం, కుటుంబాల భాగస్వామ్యం, భద్రమైన వాతావరణం, బోధనా స్థాయి అనే ఐదు అంశాల్లో కనీసం మూడింట బలంగా ఉన్న బడులు మెరుగుపడే అవకాశం బలహీనమైన వాటికంటే పది రెట్లు ఎక్కువని పరిశోధకులు గుర్తించారు.

చట్టంలోనే ఉన్న దారి

భారత్‌లో ఇందుకు కొత్త వ్యవస్థ అవసరం లేదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. 22వ సెక్షన్ కింద ఆ కమిటీ రూపొందించే అభివృద్ధి ప్రణాళికే నిధులకు ప్రాతిపదిక. ప్రణాళిక రాయడానికి ముందే అభిప్రాయాలు సేకరిస్తే అవి నేరుగా నిర్ణయంగా మారతాయి. తర్వాత సేకరిస్తే అది లాంఛనమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. తెలంగాణలో అదే ఏడాది అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. వేదికలకు కొరత లేదు. కానీ ఉపాధ్యాయుల ఎదుట నిలబడి లోపాన్ని ఎత్తిచూపడం కూలి పనికి వెళ్లే తల్లికి అంత తేలిక కాదు. తన బిడ్డపై ఆ ప్రభావం పడుతుందేమోనన్న భయం ఆమెను ఆపుతుంది.

అందుకే గోప్యత కీలకం. పదిహేను మంది ఉన్న తరగతిలో చేతిరాతే పేరు చెప్పేస్తుంది. అలాంటి చోట టిక్కు పెట్టే ప్రశ్నలు, తరగతి ఉపాధ్యాయుడు కాకుండా వేరొకరు సేకరించే పద్ధతి మేలు. చదవలేని తల్లిదండ్రులకు ప్రశ్నలు వారి భాషలో చదివి వినిపించాలి. కేవలం ఫోన్ లింకుపై ఆధారపడితే అత్యంత వెనుకబడిన కుటుంబాల గొంతే వినబడకుండా పోతుంది.

ఉపాధ్యాయులకు మార్కులు వేసి శిక్షించేందుకు సర్వేను వాడినా ప్రయోజనం దెబ్బతింటుంది. అప్పుడు బడి మారదు, జవాబులు మాత్రమే మారతాయి.

సేకరించిన నెలలోపే ఫలితాలను కమిటీ ముందుంచి, ఏది సరిదిద్దారో, ఏది ఇప్పట్లో సాధ్యం కాదో, ఎందుకు కాదో నోటీసు బోర్డుపై రాయాలి. ఒకసారి చెప్పిన మాటకు స్పందన కనిపించకపోతే, మరుసటి ఏడాది పిల్లలు అదే ప్రశ్నాపత్రాన్ని నిజాయితీగా నింపరు.