గేటు దగ్గర తుండుగుడ్డ పరిస్తే సరిపోదు



జీతాల రోజు సాయంత్రం మిల్లు గేటు దగ్గర తుండుగుడ్డ పరిచి ఇద్దరు నిలబడటం మనకు కొత్త కాదు. "కార్డింగు అన్నకు ఆపరేషనంట, తోచింది వేయండప్పా" అంటారు. పది వేసేవాడు పది వేస్తాడు, యాభై వేసేవాడు యాభై వేస్తాడు. షిఫ్టు దిగిన గంటలో గుడ్డ మూటగట్టి ఆ ఇంటికి చేరుస్తారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో తెలుగువాడు, తమిళుడు, కన్నడిగుడు అనే తేడా లేకుండా జరిగే పని ఇది. దీన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే క్యాన్సరు, కిడ్నీ జబ్బు, క్షయ, పక్షవాతం ఒక్క సాయంత్రంతో పోయేవి కావు. ఏడాది, రెండేళ్లు ఇంట్లో తిష్ఠ వేస్తాయి. జబ్బు ఏళ్ల తరబడిది, మన సాయం ఒక్క పూటది. ఈ లెక్క కుదరడం లేదు.

ముందు హక్కుగా రావలసిన డబ్బు సంగతి చూద్దాం. రోజుకు 400 రూపాయల కూలి ఉన్న మనిషిని తీసుకోండి. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులు ఇ.ఎస్.ఐ. చందా పడి ఉంటే, జబ్బు సెలవులో అతనికి కూలిలో నూటికి డెబ్బై వంతు, అంటే రోజుకు 280 రూపాయలు, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. క్షయ, క్యాన్సరు మొదలైన 34 దీర్ఘరోగాలకైతే ఆ 91 రోజులు దాటాక నూటికి ఎనభై వంతు, అంటే 320 రూపాయలు, మొత్తం రెండేళ్ల దాకా పొడిగించే ఏర్పాటు ఉంది. దానికి రెండేళ్ల ఎడతెగని సర్వీసు, నాలుగు చందా కాలాలలో కలిపి 156 రోజుల చందా ఉండాలి. ఇది ఎవరో వేసే బిచ్చం కాదు. 2019 జూలై నుండి మన కూలిలో నూటికి ముప్పావలా మనం కడుతున్నాం, మూడు రూపాయల పావలా యాజమాన్యం కడుతోంది. ఆ యాజమాన్యం వాటా కూడా మన చెమటలోంచి వచ్చిందే.

మరి గుడ్డ పరిచేముందు "ఇ.ఎస్.ఐ. కాగితాలు పెట్టారా?" అని అడిగేవారు ఎందరు? జబ్బు అనగానే ఇంటివాళ్లు భయపడి దగ్గరున్న నర్సింగ్ హోముకు పరుగెత్తుతారు. అడ్వాన్సు కట్టడానికి కమ్మలు తాకట్టుకు పోతాయి, తరువాత కందువడ్డీ అప్పు. కందువడ్డీని నిషేధిస్తూ తమిళనాడులో 2003లోనే చట్టం వచ్చింది. చట్టమూ ఉంది, వడ్డీ కూడా ఉంది. మూడో నెలలో ఎవరో ఇ.ఎస్.ఐ. మాట ఎత్తుతారు. అప్పటికి సర్టిఫికెట్లు తీసుకోలేదు, తేదీలు కలవవు. తుండుగుడ్డలో పడిన డబ్బు వడ్డీవాడి జేబులోకి పోతుంది. మనం సాయం చేసింది ఎవరికి?

మన ప్రాంతంలో దీనికి తోడు ఇంకో చిక్కుంది. 1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. సేలం జిల్లా, 1965 నుండి ధర్మపురి జిల్లా, 2004 నుండి కృష్ణగిరి జిల్లా. జిల్లాలు మారాయి గాని ఇంటి భాష మారలేదు. పెద్ద వైద్యానికి అత్తిబెలె దాటి బెంగుళూరు పోవాలి, క్యాన్సరైతే కిద్వాయి ఆస్పత్రికి. కృష్ణగిరిలో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, మంచిదే, అయినా బెంగుళూరు ప్రయాణాలు ఆగలేదు. ఇంట్లో తెలుగు, ఫారం తమిళం, ఆస్పత్రి కన్నడం, మందుచీటీ ఇంగ్లీషు. కుప్పం వైపు నుండి వచ్చిన కుటుంబమైతే రేషన్ కార్డు ఆంధ్రలో, ఉద్యోగం ఇక్కడ. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఆంధ్ర పథకం కింద పోవాలా, తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకం కింద పోవాలా, ఇ.ఎస్.ఐ. కింద పోవాలా అన్నది చదువుకున్నవాడికే తికమక. రోగిని చేతులతో పట్టుకుని నిలబడ్డ ఇల్లాలికి ఏం తెలుస్తుంది?

అందుకే నా అభిప్రాయం: జబ్బుపడిన ఇంటికి సంఘం మొదట పంపవలసింది డబ్బును కాదు, మనిషిని. తమిళం చదవగలవాడు, కన్నడం మాట్లాడగలవాడు, డిస్పెన్సరీ గుమాస్తా ముందు నోరు విప్పగలవాడు ఒక్కడు చాలు. మొదటి వారంలోనే ఆ ఇంటికి పోయి, కార్డు చూసి, చందా పడిందో లేదో చూసి, సర్టిఫికెట్లు ఒక సంచిలో పెట్టించాలి. కాంట్రాక్టరు స్లిప్పులో డబ్బు కోసి చందా కట్టకపోయి ఉంటే అప్పుడే బయటపడుతుంది. అది ఆ ఒక్క ఇంటి గొడవ కాదు, సంఘం గొడవ అవుతుంది.

ఇక హక్కు చేరని చోట్లు ఉన్నాయి. జబ్బు చేసింది కార్మికుడికి కాక అతని భార్యకో, బిడ్డకో అయితే ఇ.ఎస్.ఐ. వైద్యం ఇస్తుంది గాని, తోడుగా ఆస్పత్రిలో కూర్చున్న కార్మికుడికి పోయిన కూలి ఇవ్వదు. ఇంటి అద్దె, బడి ఫీజు, పాలు, బెంగుళూరు బస్సు ఛార్జీ ఎవరూ ఇవ్వరు. చందా డబ్బు పోవలసింది ఇక్కడికి. మూడు వందల మంది ఉన్న మిల్లులో నెలకు ఇరవై రూపాయల లెక్కన వేస్తే ఆరు వేలు. ఒక్కసారి పెద్ద మూట కంటే పన్నెండు నెలలు వచ్చే ఆరు వేలు ఆ ఇంటికి ఎక్కువ ధైర్యం. వినాయక చవితికి వీధి వీధి తిరిగి రసీదులు చింపే కుర్రాళ్లు మనలోనే ఉన్నారు. నెల తప్పకుండా చీటీలు నడిపే అక్కలూ ఉన్నారు. వసూలు నేర్పు మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు.

ఈ పనికి వేసే కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలి. ఇంట్లో బియ్యం ఉన్నాయా అని మగవాడిని అడిగితే "ఉన్నాయన్నా" అనే చెబుతాడు. వైండింగు అక్క ఒకతె వంటింట్లోకి తొంగిచూస్తే నిజం తెలుస్తుంది. జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెట్టాలి గాని జబ్బు పేరు పెట్టకూడదు. క్షయ అని తెలిస్తే టీ గ్లాసు వేరు చేసేవారు మనలోనూ ఉన్నారు. మందులు సక్రమంగా మింగితే నయమయ్యే జబ్బు అది. వైద్యం జరిగే కాలమంతా పోషణకు ప్రభుత్వం 2018 నుండి నెలకు 500, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు ఇస్తోంది. పేరు బయటపడుతుందని దాచుకున్నవాడికి ఆ డబ్బూ రాదు, మందూ అందదు. ఈ రోజుల్లో ఫోనులో పసిబిడ్డ ఫోటో పెట్టి కోట్లు పోగుచేయడం చూస్తున్నాం. ఆ బిడ్డలు బతకాలి, సంతోషమే. కాని దగ్గుతూ మంచంలో ఉన్న నలభై ఐదేళ్ల బ్లోరూము కార్మికుడి ఫోటోకు ఎవరు కరుగుతారు? అతనికి ఉన్నది మనమే.

ఆ దగ్గు సంగతి కూడా చెప్పాలి. వారం సెలవు తరువాత మొదటి రోజు పనిలోకి దిగగానే ఛాతీ బిగుసుకుపోతే అది వట్టి ఆయాసం కాకపోవచ్చు. పత్తి దుమ్ము వల్ల వచ్చే బిసినోసిస్ కావచ్చు. బ్లోరూము, కార్డింగులలో ఇది ఎక్కువ. 1948 ఇ.ఎస్.ఐ. చట్టంలోని వృత్తివ్యాధుల జాబితాలో ఇది ఉండేది. 2025 నవంబరులో అమలుకు వచ్చిన సామాజిక భద్రతా కోడ్ జాబితాలోనూ ఉంది. కోడ్ ల మీద మన అభ్యంతరాలు వేరే విషయం. ఇటువంటి జబ్బుకు గుడ్డ పరచడంతో ఊరుకుంటే, యాజమాన్యం బాకీని మన జేబులోంచి తీర్చినట్టే.

ఇదంతా సంఘం పనా అని కొందరు పెద్దలు అడుగుతారు. సంఘమంటే బోనసు, కూలి రేట్లు మాత్రమేనని వారి భావం. మద్రాసు పెరంబూరులో 1918 ఏప్రిల్ 27న పుట్టిన మద్రాసు లేబర్ యూనియన్ వెనుక ఉన్నది భక్త సభ నడుపుకుంటున్న ఇద్దరు వ్యాపారులు, సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు. కార్మికుల బాధలు వాళ్లు విన్నది ఆ సభలోనే. కష్టం చెప్పుకునే చోటు నుండే ఆ సంఘం పుట్టింది. ఛత్తీస్ గఢ్ లోని దల్లీ రాజహరా ఇనుప గనుల కార్మికులు ఇంకా ముందుకు పోయారు. వారి సంఘం ఉపాధ్యక్షురాలు కుసుంబాయి కాన్పులో సరైన వైద్యం అందక చనిపోయింది. ఆ కోపం ఊరేగింపుతో చల్లారలేదు. శంకర్ గుహా నియోగి నాయకత్వంలో కార్మికులు తమ చందాతో, తమ చేతులతో ఆస్పత్రి కట్టుకుని 1983 జూన్ 3న తెరిచారు. 1977 కాల్పులలో పోయిన తమవారి జ్ఞాపకంగా దానికి షహీద్ ఆస్పత్రి అని పేరు పెట్టారు. నియోగిని 1991లో కాల్చి చంపిన తరువాత కూడా ఆ ఆస్పత్రి నడిచింది. మనం అడుగుతున్నది ఆస్పత్రి కాదు, ఒక సంచి, ఒక మనిషి, నెలకు ఇరవై రూపాయలు.

హాస్టళ్లలో ఉండి పనిచేసే ఆడపిల్లలను మరచిపోవద్దు. వాళ్లకు ఇక్కడ ఇల్లు లేదు, గుడ్డ పరిచే బంధువు లేడు. జ్వరం తగ్గకపోతే బస్సెక్కించి ఊరికి పంపడం మామూలైపోయింది. అలా పోయిన పిల్ల చందా రోజులు ఆగిపోతాయి, హక్కు జారిపోతుంది. ఏ పిల్లను ఊరికి పంపారో, ఎందుకు పంపారో ఆ డిపార్టుమెంటు ప్రతినిధి రాసి పెట్టుకోవాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ కమిటీ విషయం చర్చకు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఈలోపు ఈ వారంలోనే ప్రతి ఒక్కరూ తమ ఇ.ఎస్.ఐ. కార్డు తీసి భార్య, పిల్లలు, తమ మీద ఆధారపడిన తల్లిదండ్రుల పేర్లు అందులో ఎక్కాయో లేదో చూసుకోండి. ఎక్కకపోతే మీ డిపార్టుమెంటు ప్రతినిధికి చెప్పండి. తమిళం రానివారు ఆదివారం సంఘం ఆఫీసుకు ఆధార్ కార్డు, రేషన్ కార్డు పట్టుకుని రండి.