వడ్డీ వద్దన్నా వడ్డీ రేటు వదలదు

ఓర్వకల్లు నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నేను షరియా ఫండ్‌లోనే సిప్ కడుతున్నా. వడ్డీ జోలికే పోను. రిజర్వ్ బ్యాంక్ రేటు పెంచితే నాకేంది?"

మంచి ప్రశ్న. మామూలు ఫండ్‌లో కడుతున్నవాళ్లూ చదవండి.

షరియా సూచీలో బ్యాంకులు, బీమా, మద్యం కంపెనీలు ఉండవు. సిగరెట్ల వల్ల ఐటీసీ కూడా బయటే. అప్పు హద్దు దాటిన కంపెనీలకూ చోటు లేదు. నిఫ్టీ 50లో దాదాపు మూడో వంతు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలే. అవి పోతే ఆ జాగాలో ఐటీ, మందులు, సబ్బులు-షాంపూల కంపెనీల వాటా పెరుగుతుంది. అసలు కథ ఇక్కడే ఉంది.

2022 చూడు. మే నెల మొదట్లో 4 శాతం ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరికల్లా 6.5 అయింది. పెద్దగా అప్పుల్లేని కంపెనీలకు ఏమీ కాకూడదు కదా? ఆ ఏడాది నిఫ్టీ ఐటీ సుమారు 26 శాతం పడింది. బ్యాంక్ నిఫ్టీ మాత్రం 21 శాతం దాకా పెరిగింది! దెబ్బ ముఖ్యంగా అమెరికా నుంచి వచ్చింది. అక్కడ ఫెడ్ రేట్లు పెంచేసరికి, మన ఐటీకి పనిచ్చే కంపెనీలు ఖర్చు తగ్గించుకుంటాయన్న భయం మొదలైంది. డాలర్ 83 రూపాయలు దాటింది, ఎగుమతులకు అది లాభమే. అయినా షేర్లు నిలబడలేదు.

మీ ఊరి పొదుపు సంఘాల అక్కలను అడుగు, ఈ సంగతి నాకంటే బాగా చెప్తారు. పైసా అప్పు లేకుండా అంగడి నడుపుకునే ఆమె ఉంటుంది. ఆమె దగ్గర సరుకులు కొనేవాళ్లంతా కంతులు కట్టలేక తిప్పలు పడుతుంటే, ఆమె గల్లాపెట్టె నిండుతుందా? ఐటీకి జరిగిందీ అంతే. సబ్బుల కంపెనీలకైతే వాన కూడా లెక్కే. మన సీమలో వాన మొహం చాటేస్తే జనం చిన్న ప్యాకెట్‌కు మారిపోతారు.

2020లో మాత్రం కథ తిరగబడింది. కోవిడ్‌లో ఇచ్చిన అప్పులు తిరిగొస్తాయో లేదోనని బ్యాంకు షేర్లు కుదేలయ్యాయి. ఏడాది చివరికీ బ్యాంక్ నిఫ్టీ కాస్త నష్టంలోనే ఉంది. నిఫ్టీ ఫార్మా 60 శాతం పెరిగింది. ఆ ఏడు షరియావాళ్లు తెలివైనవాళ్లనీ, 2022లో కాదనీ అనడం నాకు నచ్చదు. రెండుసార్లూ పనిచేసింది వాళ్ల దగ్గర లేని బ్యాంకులే.

కాబట్టి తమ్ముడూ, నీ నమ్మకం నీది, సిప్ ఆపాల్సిన పని లేదు. ఈ రాత్రి నీ ఫండ్ ఫ్యాక్ట్‌షీట్ తెరిచి ఐటీ వాటా ఎంతుందో చూడు. అది ఎక్కువగా ఉంటే, రిజర్వ్ బ్యాంక్ మీటింగ్‌తో పాటు ఫెడ్ మీటింగ్ తేదీ కూడా ఫోన్‌లో పెట్టుకో.